అరవై నాలుగు మీదే ముల్లు

షాపు పై గది,
సోమవారం

గ్రామూ,

నీకూ, మీ ఆయన విరిగిన తుంటికీ నా దీవెనలు. నువ్వు పుట్టినప్పుడు నాన్న షాపులో నిన్ను త్రాసులో పడుకోబెడితే ముల్లు సరిగ్గా కదల్లేదని నేను పెట్టిన పేరిది. నీకు అరవయ్యేళ్ళు దగ్గరపడుతున్నా మార్చను. చెల్లెళ్ళకి ఎదిగే హక్కు లేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. కింద షాపు నుంచి పై గదికి పద్దెనిమిది మెట్లు. తొమ్మిదో మెట్టు మీద ఆగి గోడకేసి చూస్తూ నిలబడ్డాను. చూసినవాళ్ళు గోడకి సున్నం వేయించే ఆలోచనలో ఉన్నాననుకోవాలి గాని ఆయాసమని అనుకోకూడదు. అంతవరకూ నటన బాగానే వచ్చు నాకు.

ఫోను చెయ్యలేదని నిష్ఠూరమాడకు. నాలుగు మాటలకే ఊపిరి చాలడం లేదు. పైగా నువ్వు చెప్పినవన్నీ ఫోను పెట్టెయ్యగానే ఎటు పోతున్నాయో తెలీదు. ఉత్తరమైతే బల్లమీద పడి ఉంటుంది, కావలసినప్పుడు తీసి చూసుకోవచ్చు.

గుండె సగం పనే చేస్తోందట. డాక్టరు కుర్రవాడైనా ఓపికస్తుడు. "రోజూ పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసుకుని కాగితం మీద రాయండి. ఒక్కరోజులో కిలో పెరిగినా, వారంలో రెండు కిలోలు పెరిగినా ఒంట్లో నీరు చేరుతున్నట్టే. వెంటనే మాకు కబురు చెయ్యండి" అన్నాడు. నేను ఏ పని చేసి బతుకుతున్నానో అతనికి తెలీదు పాపం. ఊళ్ళో ప్రతి కాటానీ విప్పి, సరిచేసి, ముద్ర కొట్టినవాణ్ణి. చివరికి నన్నే కాటా ఎక్కించారు.

చెప్పినట్టే ఒకటి కొన్నాను. కాళ్ళు పెట్టి నిలబడే రకం, లోపల స్ప్రింగు, ముల్లు, పక్కన సున్నాకి తెచ్చుకునే చక్రం. చవకబారు సరుకు. ముందు కింద షాపులోనే మన ఇరవై కిలోల తూకపు రాయి పెట్టి చూశాను. ఇరవై దగ్గరే ఆగింది, బుద్ధిమంతురాలు. తర్వాత నేనెక్కాను. అరవై నాలుగు.

నీళ్ళు రోజుకి లీటరున్నర మించకూడదు. ఉప్పు మానెయ్యాలి. మాత్రలు ఏడు. నిన్న ఒక కాటా విప్పి, ఏ మర తిప్పాలో తోచక స్క్రూడ్రైవరు పట్టుకుని కాసేపు నిలబడిపోయాను. మందుల మత్తు, అంతే. నువ్వు కంగారుపడకు.

అన్నయ్య


మీ బావగారి మంచం పక్కన,
శనివారం

అన్నయ్యా,

సోమవారం రాసిన నీ ఉత్తరం నాలుగు రోజులకి, నిన్న అందింది. ఈరోజు ఇంకొకటి అందింది. అందులోనూ పద్దెనిమిది మెట్లే, గోడకి సున్నమే, చివర్లో "నువ్వు కంగారుపడకు" అన్న మాటే. ఈసారి పైన మంగళవారమని రాశావు. మొదట నవ్వాను. మీ బావగారికి రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆయన నవ్వలేదు.

"మందుల మత్తు" అని నువ్వంటే సరిపోదు. డాక్టరుకి చెప్పావా? స్క్రూడ్రైవరు సంగతి కూడా చెప్పు. నువ్వు నిద్రలో కూడా కాటా విప్పి బిగించగలవని నాన్న అనేవారు. అలాంటి చెయ్యి ఆగిపోయిందంటే నాకు నచ్చలేదు.

వచ్చి నీ దగ్గర ఉండాలని ఉంది. కానీ ఈయన్ని పక్కకి తిప్పాలన్నా నేనే, కూర్చోబెట్టాలన్నా నేనే. ఇంకో రెండు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. రైల్లో రావడానికే ఒకటిన్నర రోజు. మనకి ముందూ వెనకా ఇంకెవరూ లేకపోయిరి. ఇలా ఇద్దరు మగవాళ్ళు చెరో ఊళ్ళో ఒకేసారి మంచమెక్కితే నేను రెండు ముక్కలు కావాలా?

మీ పక్క షాపు దర్జీ ఆవిడ ఫోన్ నంబరు పంపు. సరదాగా మాట్లాడుకోవడానికేలే. ప్రతి వారం బరువెంతో రాయి. సాకులు వద్దు.

గ్రాము


షాపు పై గది,
గురువారం

గ్రామూ,

ఇదిగో మూడు వారాల లెక్క: అరవై నాలుగు, అరవై నాలుగు, అరవై నాలుగు. గోడకి అంటించిన కాగితం చూస్తే డాక్టరు నన్ను దండవేసి ఊరేగించాలి. దర్జీ ఆవిడ నంబరు వెనక రాశాను. నీ సరదా నాకు తెలీదనుకోకు, నామీద నిఘాకే అడిగావు.

మధ్యలో కాటా కొంచెం మొరాయించింది. అరవై ఆరు చూపించింది ఒకరోజు. నా బరువు నాకు తెలీదా? చక్రం తిప్పి దారికి తెచ్చాను. మళ్ళీ రెండ్రోజులకి అదే పోకడ, మళ్ళీ తిప్పాను. స్ప్రింగు సాగిపోతున్నట్టుంది. చవకబారు సరుకని ముందే చెప్పానుగా. ఇప్పుడు ముల్లు నేను చెప్పినచోట నిలబడుతోంది.

చెప్పులు బిగుసుకుపోయాయి, కొత్తవి కొనాలి. పడుకుంటే ఊపిరందడం లేదు, దిండ్లు పాతబడ్డాయి. అందుకని కుర్చీలోనే నిద్ర. దాహం మాత్రం తెగ వేస్తోంది. నీళ్ళ జగ్గు పొద్దున ఒక్కసారే నింపాలి. నింపానో లేదో గుర్తుండక, ఎందుకొచ్చిన గొడవని ఇంకోసారి నింపుతున్నాను.

నిన్న కూరగాయల టోకు మార్కెట్టుకి వెళ్ళాను. అక్కడి ఆసామి నేను కాటా విప్పుతుంటే వచ్చి, "మాస్టారూ, పొద్దున్నేగా సరిచేసి వెళ్ళారు, మళ్ళీ విప్పుతున్నారేంటి?" అన్నాడు. చుట్టూ పదిమంది. నేనేం తక్కువ తిన్నానా? "రెండుసార్లు చూస్తేనే పని పక్కా" అన్నాను. వాళ్ళు నమ్మారు.

అన్నయ్య


మీ బావగారి మంచం పక్కన,
సోమవారం

అన్నయ్యా,

ఇది నీకు ఆసుపత్రి మంచం మీద అందుతుంది. ఏం జరిగిందో నీకు సరిగ్గా గుర్తుండదని డాక్టరుగారు అన్నారు కాబట్టి వరసగా రాస్తున్నాను.

నీ ఉత్తరంలో చక్రం తిప్పానన్న మాట చదివి మీ బావగారి గంజి గిన్నె నేలమీదే పెట్టేసి లేచాను. మన షాపులో నేలమీద పాకుతూ పెరిగినదాన్ని. ముద్ర ఉన్న రాయి పెట్టకుండా నువ్వు ఏ కాటానీ ముట్టుకోవు. ఆ ఉత్తరమంతా వెతికినా రాయి మాట లేదు. చెప్పులూ, దిండ్లూ, దాహమూ ఉన్నాయి.

దర్జీ ఆవిడకి ఫోన్ చేశాను. "కింద షాపులో ఇరవై కిలోల రాయి ఉంటుంది, దాన్ని పైకి మోసుకెళ్ళి మా అన్నయ్య కాటా మీద పెట్టి ఎంతుందో చెప్పమ్మా" అన్నాను. పాపం ఆవిడ రొప్పుతూ పద్దెనిమిది మెట్లూ ఎక్కింది. "పద్నాలుగున్నర దగ్గర ఆగిందండీ. కాటా చెడిపోయిందా?" అంది.

"కాటాకేం కాలేదమ్మా. బండి పిలువు" అన్నాను.

అయిదున్నర కిలోల నీరు అన్నయ్యా. కాళ్ళలో, పొట్టలో, ఊపిరితిత్తుల్లో. నువ్వు దాన్ని మోస్తూ, రోజూ అరవై నాలుగని రాస్తూ కూర్చున్నావు. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. నీమీద ఎంతో, ఇక్కడ కదల్లేకుండా ఉన్న నామీద అంతకు రెట్టింపు.

కాస్త తేరుకున్నాక రాయి.

గ్రాము


ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు, పదకొండో మంచం,
శుక్రవారం పొద్దున

గ్రామూ,

నీ ఉత్తరం అందింది. నీరంతా తీసేశారు. బుర్రలో కిటికీలు తెరిచినట్టుంది. ఎంతసేపు తెరిచి ఉంటాయో తెలీదు, అందుకే గబగబా రాస్తున్నాను.

ఇరవై రాయి పద్నాలుగున్నర చూపించిందంటే నేను ఆ చక్రం రెండుసార్లు కాదు, ఏడెనిమిది సార్లు తిప్పి ఉండాలి. నాకు రెండే గుర్తున్నాయి. తిప్పిన ప్రతిసారీ అదే మొదటిసారి అనుకున్నానన్నమాట. రాయి పెట్టి చూడాలని ఒక్కసారీ తట్టలేదు. రాయి బదులు నన్నే పెట్టాను. నేను అరవై నాలుగని నాకు తెలుసు, కాబట్టి తప్పు కాటాదే అన్నాను. మన పనిలో కొత్తగా చేరినవాడు కూడా ఇలా చెయ్యడు. చేస్తే నేను చెవి మెలేసేవాణ్ణి.

ఇక్కడి పెద్ద నర్సమ్మ విషయం విడమరిచి చెప్పింది. గుండె బలంగా తోయకపోతే బుర్రకి రక్తం తగ్గుతుందట. మతిమరుపు, ఒక పనిమీద మనసు నిలవకపోవడం, చిన్న లెక్క కూడా తెగకపోవడం, అన్నీ దానివల్ల రావచ్చట. నీరు చేరితే ఇంకా ఎక్కువట. చూడు గ్రామూ, గుండెని చూసుకునే పని నా బుర్రకి అప్పగించి పంపారు. ఆ బుర్రేమో గుండె పెట్టే తిండి తిని బతకాలి. ఎవరిని తిట్టాలో కూడా తెలీడం లేదు.

నీకు రాయని సంగతి ఒకటుంది. పోయిన నెల పోస్టాఫీసు నుంచి వస్తూ మన షాపు దాటి వెళ్ళిపోయాను. వెనక్కి వచ్చి మళ్ళీ దాటిపోయాను. మూడోసారి దర్జీ ఆవిడ బయటికొచ్చి, "ఏంటి మాస్టారూ, షికారా?" అంది. అవునన్నాను. ఆవిడ నవ్వుతూ చెయ్యి పట్టుకుని మెట్ల దాకా తీసుకొచ్చింది. నాకు భయంగా ఉంది. చావంటే కాదు. ఏది తెలీడం లేదో అది కూడా తెలీకుండా పోతుందే, దానికి.

ఇంటికెళ్ళాక నేను బాగున్నానని రాస్తే నమ్మకు. నేను ఎంత గట్టిగా అంటే అంత నమ్మకు. నన్ను మీ ఊరు తీసుకెళ్ళిపో, షాపు మూసేస్తాను. కుదిరినప్పుడే లే. డాక్టరు నీతో ఫోన్లో ఏం చెప్పాడు? దాచకుండా రాయి.

అన్నయ్య


మీ బావగారి మంచం పక్కన,
బుధవారం

అన్నయ్యా,

ఎంత మంచి ఉత్తరం రాశావు! పదిసార్లు చదివాను. మీ బావగారు కూడా, "మీ అన్నయ్య మళ్ళీ దారిలో పడ్డాడు" అన్నారు.

డాక్టరుగారు ఏం చెప్పారని అడిగావు. మందులు సరిగ్గా పడితే అంతా సర్దుకుంటుందన్నారు. దిగులు పెట్టుకోకు.

అన్నీ ఏర్పాటు చేశాను. దర్జీ ఆవిడ రోజూ షాపు తెరిచేముందు పైకి వస్తుంది. ముందు ఇరవై రాయి పెట్టి చూస్తుంది, తర్వాత నిన్ను ఎక్కమంటుంది. అంకె తనే రాసి, అటు ఆసుపత్రికీ ఇటు నాకూ ఫోన్లో చెబుతుంది. ఆ రాయి ఇకమీదట పైనే ఉంటుంది, రోజూ మోయించి ఆవిడ నడుము విరగ్గొట్టకు. నేను పెద్ద అక్షరాలతో రాసి పంపిన కాగితం కాటా పైన గోడకి అంటిస్తుంది: "చక్రం తిప్పకు. పెరిగింది కాటా కాదు, నువ్వు. ఇట్లు గ్రాము." నవ్వుకో, కానీ చించెయ్యకు.

ఈయన కాలు కింద పెట్టిన మర్నాడే బయలుదేరి వచ్చి నిన్ను తీసుకొస్తాను. ముందు గది నీకే. ఇంకో ఐదు వారాలు. అయిదంటే అయిదే. ఎలాగోలా ఓర్చుకో.

గ్రాము


షాపు పై గది,
సోమవారం

చెల్లెలికి,

నీ పద్ధతేమీ బాగాలేదు. పెద్దవాణ్ణి అడక్కుండా ఇంట్లోకి మనుషుల్ని పెడతావా? ఆ దర్జీ ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి కాటా దగ్గర ఏదో చేసి పోతోంది. మొన్న అరవై ఆరు, నిన్న అరవై ఏడు అని రాసింది. నేను అరవై నాలుగు అని పిల్లల్ని అడిగినా చెబుతారు. "మీరు కుట్లు చూసుకోండి, కాటాలు నాకొదిలెయ్యండి" అన్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మాస్టారూ, మీ చెల్లెలుగారికి మాటిచ్చానండీ" అంది. రేపటినుంచి రావద్దన్నాను. తలుపు గడియ వేసుకుంటున్నాను.

గోడమీద ఎవరో ఏదో కాగితం అంటించారు. నీ పేరు పెట్టి రాశారు. పీకేశాను. కాటా విప్పి, శుభ్రం చేసి, నేనే సరిచేసుకున్నాను. ఇప్పుడు ముల్లు కరెక్టుగా ఉంది.

మీ ఊరు వస్తానని నేనెప్పుడన్నాను? షాపు మూసేస్తే ఊళ్ళో కాటాలకి ముద్ర ఎవరేస్తారు? ఆసుపత్రికి వెళ్ళింది ఒక్కసారి, వచ్చేశాను, అయిపోయింది. దాన్ని పట్టుకుని నన్ను రోగిష్టివాణ్ణి చెయ్యకండి.

కాళ్ళు కొంచెం వాచాయి. ఎక్కువసేపు కుర్చీలో ఉండడం వల్ల. నేను బాగున్నాను.

అన్నయ్య


ఆసుపత్రి నడవా,
మంగళవారం

అన్నయ్యా,

నీ కోపపు ఉత్తరం అందేలోపే దర్జీ ఆవిడ ఫోన్ చేసింది. తలుపు తీయడం లేదని వడ్రంగిని పిలిచి గడియ ఊడగొట్టించిందట. కుర్చీలో తల వాల్చేసి ఉన్నావట. నువ్వు అన్ని మాటలన్నా ఆ ఇల్లాలు నీ తలుపు దగ్గరే చెవిపెట్టి కూర్చుంది. కోలుకున్నాక ముందు ఆవిడకి క్షమాపణ చెప్పు.

మీ బావగారిని వాళ్ళ అక్కకూతురి ఇంట్లో దింపి రైలెక్కాను. మోయించేటప్పుడు నొప్పికి ఆయన పెదవి కొరుక్కున్నారు గాని, వెళ్ళొద్దని అనలేదు.

నీతో అబద్ధం చెప్పాను. అంతా సర్దుకుంటుందని డాక్టరుగారు అనలేదు. గుండె ఇంకా బలహీనపడుతుందనీ, మందులతో మతి కొంచెం తేటపడవచ్చు గాని పూర్తిగా మునుపటిలా రాదనీ, ఒంటరిగా మాత్రం ఉంచవద్దనీ చెప్పారు. ఒంటరిగా ఉంచవద్దని విని కూడా ఐదు వారాలు ఓర్చుకోమని రాశాను. నాకు ఇంకేం తోచలేదు అన్నయ్యా. ఇప్పటికీ తోచడం లేదు.

పూటకి పదినిమిషాలే లోపలికి రానిస్తున్నారు. పొద్దున నన్ను చూసి "వచ్చావా" అన్నావు. చెయ్యి వదల్లేదు. నేను బయటికొచ్చి కూర్చున్న కాసేపటికే, "మా చెల్లెలు ఇంకా రాలేదా?" అని నర్సమ్మని అడిగావట. "వచ్చింది కదా తాతగారూ, బయటే ఉంది" అందట. మళ్ళీ అడిగావట. పొద్దుటినుంచి పదిహేనుసార్లు అడిగావని ఇప్పుడే వచ్చి చెప్పింది. అందుకని ఇది రాసి తనకిస్తున్నాను. చేతిలోనే ఉంచుకో. సందేహం వచ్చినప్పుడల్లా చదువుకో.

నేను వచ్చేశాను. గోడకి ఇవతల కుర్చీలో ఉన్నాను. ఎక్కడికీ వెళ్ళను.

గ్రాము


ఆసుపత్రి, రెండో మంచం

గ్రామూ,

నర్సమ్మ ఒక కాగితం తెచ్చిచ్చింది. ఒకవైపు ఎవరో నిండా రాసేశారు, ఈ వైపు ఖాళీగా ఉంది. పెన్ను అడిగితే ఇచ్చింది, మంచి పిల్ల.

నాకు ఏమీ బాగాలేదు. ఈసారి నిజం రాస్తున్నాను, నమ్ము. మీ ఆయన్ని వదిలి రాలేవని తెలుసు. అయినా ఒక్కసారి రా. నిన్ను చూడాలని ఉంది. పొద్దుటినుంచి తలుపు వైపే చూస్తున్నాను.

ఇది పోస్టులో వెయ్యమని నర్సమ్మకి ఇస్తున్నాను. ఎందుకో కళ్ళు తుడుచుకుంటోంది. నాలుగు రోజుల్లో నీకు అందుతుంది.

అన్నయ్య